సైంటాలజీ చేసుకునే ప్రచారాన్ని చాలామంది ఎందుకు సందేహిస్తారు?

సైంటాలజీ తనను మతంగా చెప్పుకుంటూనే, తన పద్ధతుల ఫలితాలను శాస్త్ర నిరూపితాలుగా ప్రకటించడం వల్లే ఈ సందేహాలు ప్రధానంగా తలెత్తాయి. విశ్వాసాన్ని ప్రయోగశాలలో తేల్చమని ఎవరూ అడగరు గాని, జ్ఞాపకశక్తి పెరుగుతుందనీ రుగ్మతలు తగ్గుతాయనీ చెప్పినప్పుడు ఆధారం అడగక తప్పదు.

స్థాపకుడు, అమెరికన్ రచయిత ఎల్. రాన్ హబ్బర్డ్ 1950లో వెలువరించిన, తర్వాత సైంటాలజీకి పునాదైన 'డయనెటిక్స్' గ్రంథంలో, బాధాకరమైన జ్ఞాపకాల ముద్రలను పూర్తిగా తొలగించుకుని 'క్లియర్' అయిన వ్యక్తికి సంపూర్ణ స్మరణశక్తి కలుగుతుందని రాశారు. అదే ఏడాది ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని ష్రైన్ ఆడిటోరియంలో అటువంటి వ్యక్తిగా ఆయన వేదికపైకి తెచ్చిన యువతి, తాను చదువుతున్న భౌతికశాస్త్రంలోని ఒక సూత్రాన్నే కాదు, ఆయన అటు తిరిగి నిలబడితే ఆయన టై రంగును కూడా చెప్పలేకపోయింది. సభికులు కొందరు లేచి వెళ్లిపోయారు. ఇంతకంటే సూటి పరీక్ష ఊహించడం కష్టం.

ఇక సైంటాలజీ కౌన్సెలింగ్‌లో వాడే ఈ-మీటర్ అనే పరికరం విషయం. అది చేతుల్లో పట్టుకున్న డబ్బాల ద్వారా శరీరపు విద్యుత్ నిరోధంలోని మార్పులను చూపుతుంది. చెమట పట్టినా, పట్టు బిగిసినా ముల్లు కదులుతుంది. రోగనిర్ధారణకు, చికిత్సకు అది పనికిరాదన్న హెచ్చరికను దానిపై ఉంచాలని 1971లో అమెరికా ఫెడరల్ కోర్టు ఆదేశించింది.

1993లో అమెరికా ఇచ్చిన పన్ను మినహాయింపును సమర్థకులు తరచూ చూపుతారు. అది సంస్థ హోదాకు సంబంధించిన నిర్ణయమే గాని, బోధనల సత్యాసత్యాలపై తీర్పు కాదు. సభ్యులు లక్షలాదిగా ఉన్నారన్న మాటా సందేహాస్పదమే: 2008 నాటి ఒక సర్వే అమెరికాలో వారి సంఖ్యను సుమారు 25,000గా అంచనా వేసింది.