కోచ్ మారినప్పుడల్లా పుట్టే వార్తలు, వాటిలో నేను పుట్టించిన ఒకటి

"ప్రొఫెషనల్ రగ్బీ క్లబ్‌లో కోచ్ మారినప్పుడు ఫలానా ఆటగాడు వస్తున్నాడు, ఫలానా ఆయన కోచ్ అవుతున్నాడు అంటూ వచ్చే పుకార్లను ఎంతవరకు నమ్మవచ్చు?" అని అడిగారు. 2018 నుంచి లెస్టర్ టైగర్స్ అభిమానిని కాబట్టి, అంతకంటే ముఖ్యంగా ఆ క్లబ్ గురించి పచ్చి అబద్ధపు పుకారు ఒకటి స్వయంగా పుట్టించినవాణ్ణి కాబట్టి, ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను. కళ్ళారా చూశామని చెప్పేవారి మాటను మాత్రం అస్సలు నమ్మవద్దు. ఎందుకంటే నేను కళ్ళారా చూశాను.

ఆ ఏడాది నా భార్యకు ఇంగ్లండులోని లెస్టర్‌లో నర్సు ఉద్యోగం రావడంతో ఆమె వెంట నేనూ వెళ్ళి, నా చదువుకు తగిన పని దొరికేదాకా రైల్వే స్టేషన్ దగ్గర ఒక కాఫీ దుకాణంలో చేరాను. రగ్బీ గురించి అప్పటికి నాకు తెలిసినదల్లా బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుందన్నదే. రోజూ పొద్దున ఆరున్నరకు వచ్చి, ఒక టీ తీసుకుని గంటసేపు పేపరు చదువుకునే పెద్దాయన ఒకరు నాకు ఈ పిచ్చి అంటించారు. ఒకప్పుడు మేజోళ్ల కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. టైగర్స్ ఆటగాళ్ల జెర్సీల మీద ఒకప్పుడు అంకెలకు బదులు అక్షరాలు ఉండేవని, స్క్రమ్‌లో, అంటే రెండు జట్ల బరువైన ఆటగాళ్లు (ఫార్వర్డ్‌లు) తలలు ఆనించి ఒకరినొకరు తోసుకునే పట్టులో, ముందు వరుసలో ఉండే రౌన్‌ట్రీ, కాకరిల్, గార్‌ఫోర్త్ ముగ్గురినీ అందుకే 'ఏ బీ సీ' అని పిలిచేవారని ఆయన చెబుతుంటే, వెనుక వరుసలో నిలబడినవారు కాఫీ కోసం విసుక్కునేవారు.

ఆ 'బీ' జెర్సీ వేసుకున్న రిచర్డ్ కాకరిలే తరువాత కోచ్ అయి 2009, 2010, 2013 సంవత్సరాల్లో ఇంగ్లండు క్లబ్బుల అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్‌షిప్ గెలిపించాడు. అంతటివాణ్ణి 2017 జనవరిలో తొలగించారు. కొన్ని వారాలు ఆరన్ మాగర్ నెట్టుకొచ్చాక, అంతకుముందు ఇదే క్లబ్‌లో కోచ్‌గా ఉండి వెళ్ళిన మాట్ ఓకానర్‌ను మళ్ళీ పిలిచారు. 2018 సెప్టెంబరు 1న, సీజన్ మొదటి మ్యాచ్‌లోనే, ఎక్సెటర్ చేతిలో 40-6తో ఓడిపోవడంతో 3వ తేదీన ఆయననూ పంపించేశారు. "ఒక్క మ్యాచ్‌కే తీసేసేవాళ్ళు వేసవంతా ఎందుకు ఉంచుకున్నట్టు?" అని మా పెద్దాయన ఆ వారమంతా దుకాణానికి వచ్చిన ప్రతివారినీ అడిగారు. ఇప్పటికీ దానికి ఎవరూ సమాధానం చెప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక వానపొద్దున ఆ మనిషి మా దుకాణంలోకి వచ్చాడు. తలుపు దగ్గర వంగి రావలసినంత ఎత్తు, ఆయన గుప్పిట్లోకి వెళ్ళిన కాఫీ కప్పు మళ్ళీ కనబడనంత పెద్ద చేతులు, పిండిముద్దను పిడికిట్లో నొక్కి వదిలేసినట్టున్న రెండు చెవులు. ఏళ్ల తరబడి స్క్రమ్‌లో తల పెట్టినవారి చెవులు అలా అవుతాయని పెద్దాయన అంతకు వారం ముందే నాకు పాఠం చెప్పి ఉన్నారు. వచ్చినాయన మాట యాస నాకు కొత్తగా ఉంది కాబట్టి అది న్యూజిలాండ్ యాస అని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను. వెల్‌ఫర్డ్ రోడ్‌కు నడిచి వెళ్ళవచ్చా అని అడిగాడు. వాటర్లూ వే పట్టుకుని తిన్నగా వెళితే పావుగంట అని చెప్పి, చెయ్యి తుడుచుకునే కాగితం మీద దారి కూడా గీసి ఇచ్చాను. వెల్‌ఫర్డ్ రోడ్ అంటే టైగర్స్ మైదానం. నాకు తెలిసిన వెల్‌ఫర్డ్ రోడ్ అదొక్కటే. "కొత్త ఉద్యోగం, ఇవాళే మొదటి రోజు" అంటూ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మరునాడు ఉదయం పెద్దాయనకు ఈ మొత్తం చెప్పాను. ఆయన పేపరు మడిచి బల్ల మీద పెట్టారు. ఆయన పేపరు మడవడం నేను చూడటం అదే మొదటిసారి. చెవులు ఎలా ఉన్నాయో రెండుసార్లు చెప్పించుకుని, ఎత్తు ఎంత ఉంటుందో తలుపు దగ్గర నన్ను నిలబెట్టి కొలిపించి, టీ సగంలోనే వదిలేసి వెళ్ళిపోయారు.

అటుపైన మేమిద్దరం కలిసి మ్యాచ్‌కు వెళ్ళాం. జనం నిలబడి చూసే చోట, నా ముందున్న ఒక అపరిచితుడు పక్కవాడికి ఒక రహస్యం చెబుతున్నాడు: న్యూజిలాండ్ నుంచి రెండో వరుస ఫార్వర్డ్ ఒకడు వచ్చాడట, మైదానం పక్కనే ఉన్న ఆసుపత్రిలో వైద్య పరీక్షలు కూడా అయిపోయాయట, స్టేషన్లో పనిచేసేవాడొకడు స్వయంగా చూశాడట. ఆ స్టేషన్లో పనిచేసేవాణ్ణి నేనేనని నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. వైద్య పరీక్షలు ఎక్కడి నుంచి వచ్చాయో మాత్రం అర్థం కాలేదు. ఆ తరువాతి మ్యాచ్‌కల్లా ఆటగాడు కాస్తా కోచ్ అయ్యాడు. ఆ వయసులో ఇంకేం ఆడతాడని ఎవరికో సందేహం వచ్చిందట, పైగా కోచ్ కుర్చీ ఖాళీగా ఉంది, జోర్డన్ మర్ఫీ అప్పటికి తాత్కాలికంగా చూసుకుంటున్నాడు, కాబట్టి వచ్చినాయన ఫార్వర్డ్‌ల కోచ్ అని తేల్చేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ నేను చూడలేదు; ఆ సోమలింగానికి మొదటి తండ్రిని నేనే కావడం నా దురదృష్టం.

మూడు వారాల తరువాత ఆ మనిషి మళ్ళీ కాఫీకి వచ్చాడు. ఈసారి పైకోటు విప్పి ఉండటం వల్ల లోపల తెల్ల చొక్కా, భుజాల మీద పట్టీలు, నడుముకు తాళాల గొలుసు కనిపించాయి. లెస్టర్ వెళ్ళినవారికి తెలిసే ఉంటుంది, వెల్‌ఫర్డ్ రోడ్ మీద మైదానం కంటే ముందు నుంచీ ఒక జైలు ఉంది, ముఖద్వారం చూస్తే కోట అనుకుంటారు. ఆయన ఆ జైల్లో వార్డరుగా చేరాడు. ఊరు దక్షిణ వేల్స్. కుర్రతనంలో తమ ఊరి జట్టుకు ప్రాప్‌గా, అంటే స్క్రమ్ ముందు వరుసలో, ఆడాడట, కాబట్టి చెవుల విషయంలో మాత్రం నేను పొరబడలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ అనుభవం తరువాత, పుకారు ఎవరు చెప్పారన్నది చూడటం మానేసి, ఖాళీ ఎక్కడుందో చూడటం మొదలుపెట్టాను. రగ్బీలో ఈ పద్ధతి పనిచేయడానికి కారణం ఉంది. ఫుట్‌బాల్‌లో లాగా ఒక క్లబ్ ఇంకో క్లబ్‌కు డబ్బు కట్టి ఆటగాణ్ణి కొనుక్కోవడం ఇక్కడ అరుదు. కాంట్రాక్టు ముగిసినవాడు మారతాడు, ఆ మాట కూడా నెలల ముందే కుదిరిపోతుంది. పైగా ఇంగ్లండు ప్రీమియర్‌షిప్‌లో జీతాలకు పరిమితి ఉంది. 2021లో దాన్ని ఏడాదికి 50 లక్షల పౌండ్లకు తగ్గించి, 2024-25 సీజన్ నుంచి మళ్ళీ 64 లక్షలకు పెంచారు. ఒక్క ఆటగాడి జీతం మాత్రమే ఆ లెక్కలోకి రాదు. ఈ గీత దాటితే ఏమవుతుందో 2019లో సారసెన్స్ అనే క్లబ్‌కు తెలిసింది: 50 లక్షలకు పైగా జరిమానా, 35 పాయింట్ల కోత, చివరికి కింది డివిజన్. ఆ 2019-20 సీజన్‌లో సారసెన్స్‌కు ఆ శిక్ష పడకపోయి ఉంటే పన్నెండు జట్లలో అట్టడుగున ఉండవలసింది మేమే. ఆ ఏడాది గురించి లెస్టర్‌లో ఎవరూ గొంతు పెంచి మాట్లాడరు. అందువల్ల ఎవరైనా పెద్ద పేరు ఒకటి చెప్పగానే నేను అడిగేది ఒక్కటే: ఎవరి జీతం ఖాళీ అయింది?

మా ఫ్లై హాఫ్ (పది నంబరు జెర్సీతో జట్టు ఆటను నడిపేవాడు) జార్జ్ ఫోర్డ్ సేల్ అనే క్లబ్‌కు వెళుతున్నాడన్న సంగతి 2021-22 సీజన్ మధ్యలోనే బయటపడింది. వెళ్ళిపోయేవాడు ఇక మనసుపెట్టి ఆడతాడా అని నా చుట్టూ ఉన్నవారంతా నిట్టూర్చారు, అతను మాత్రం వసంతమంతా జట్టును పట్టికలో మొదటి స్థానంలోనే ఉంచాడు. జూన్ 18న ఫైనల్లో గాయపడి తొలి సగంలోనే బయటికి వెళ్ళగా, అతని బదులు దిగిన ఫ్రెడ్డీ బర్న్స్ చివరి నిమిషంలో డ్రాప్ గోల్ (బంతిని నేలకు తాకించి గోలు కర్రల మధ్యకు తన్నడం) కొట్టి సారసెన్స్‌ను 15-12తో ఓడించాడు. పది నంబరు స్థానమూ, దాని జీతమూ ఖాళీ అయ్యాయి కాబట్టి, 2019 ప్రపంచ కప్ గెలిచిన దక్షిణాఫ్రికా ఫ్లై హాఫ్ హాండ్రే పొలార్డ్ పేరు వినగానే ఈసారి మాట నిజమని నేను చెప్పాను, నిజమే అయింది. ఈ సూత్రం నన్ను ఇంతవరకు మోసం చేయలేదు. పుకార్లు పుట్టించేవారు కూడా ఖాళీ చూసుకునే పుట్టిస్తారు కదా అని నా భార్య అంటుంది, జైలు వార్డరు కోచ్ అయింది అలాగే కదా అని గుర్తు చేస్తుంది. ఆ అభ్యంతరానికి నా దగ్గర ఇంకా సరైన జవాబు లేదు.

కోచ్‌ల విషయంలో మాత్రం ఖాళీ చూస్తే చాలదు. పోయేవాడి వెంట ఎవరెవరు పోతున్నారో లెక్కపెట్టాలి. జనం ప్రధాన కోచ్ ముఖం ఒక్కటే చూస్తారు, అక్కడే పొరబడతారు. స్టీవ్ బోర్త్‌విక్ 2020లో వచ్చి, పదకొండో స్థానంలో పడి ఉన్న జట్టును రెండేళ్లలో ఛాంపియన్‌ను చేశాడంటే అది ఆయన ఒక్కడి పని కాదు. 2022 డిసెంబరులో ఇంగ్లండు జట్టు ఆయనను తీసుకున్న రోజు మా దుకాణంలో అందరూ బోర్త్‌విక్, బోర్త్‌విక్ అనే అన్నారు. నేను అప్పటికి వేరే ఉద్యోగంలో ఉన్నా, ఆ పొద్దున పనిగట్టుకుని అక్కడికే వెళ్ళి కూర్చున్నాను. డిఫెన్స్ చూసే కెవిన్ సిన్‌ఫీల్డ్ కూడా ఆయనతోనే వెళుతున్నాడన్న రెండో వాక్యం మీదే నా చూపు ఆగింది. అప్పటికప్పుడు ఆట మానేసి తాత్కాలికంగా పగ్గాలు అందుకున్న రిచర్డ్ విగుల్స్‌వర్త్, స్క్రమ్ కోచ్ టామ్ హారిసన్, ఫిట్‌నెస్ చూసే ఆలెడ్ వాల్టర్స్ కూడా 2023లో ఒకరి వెంట ఒకరుగా ఇంగ్లండు శిబిరంలో తేలారు. ఇల్లు అమ్మేటప్పుడు తలుపులు, కిటికీలు కూడా పీక్కుపోయినట్టు అయింది. ఆ ఖాళీ ఇంట్లోకి ఆస్ట్రేలియా నుంచి డాన్ మెకెల్లర్‌ను తెచ్చి, 2023-24లో ఎనిమిదో స్థానం వచ్చిందని ఒక్క సీజన్‌కే పంపించేశారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

ఇక్కడ నాకున్న చిరాకు ఒకటి చెప్పుకోవాలి. కోచ్‌ను తీసేసినప్పుడు ఏ క్లబ్ అయినా విడుదల చేసే ప్రకటన చదివారా? ఇద్దరూ ఎంతో స్నేహంగా మాట్లాడుకుని, కన్నీళ్లతో విడిపోయినట్టు ఉంటుంది. కారణం ఒక్కటి కూడా ఉండదు. సూటిగా ఒక్క కారణం రాసినా సగం పుకార్లు పుట్టవు. చెప్పవలసినవారు నోరు మూసుకుంటారు కాబట్టే కాఫీ దుకాణంలో పనిచేసే నాలాంటివాడి మాటకు అంత విలువ వచ్చింది.

మెకెల్లర్ తరువాత వచ్చిన మైకేల్ చీకా 2009 యూరప్ క్లబ్బుల కప్ ఫైనల్లో ఐర్లండుకు చెందిన లెన్‌స్టర్ కోచ్‌గా మమ్మల్ని 19-16తో ఓడించిన మనిషి. మా పెద్దాయన అది మరిచిపోలేదు, అయినా క్షమించారు. చీకా కూడా ఒక్క సీజనే ఉన్నాడు, కానీ జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు. 2025 జూన్ 14న బాత్ చేతిలో 23-21తో ఓడిపోయాం. బెన్ యంగ్స్, డాన్ కోల్ ఆటకు సెలవు చెప్పారు, పొలార్డ్ దక్షిణాఫ్రికాకు తిరిగి వెళ్ళిపోయాడు. ఒకేసారి ఇన్ని ఖాళీలు, ఆ వేసవి పుకార్లకు అంతు లేకపోయింది. కోచ్ విషయంలో మాత్రం పుకార్లకు చోటు మిగల్లేదు. ఒకప్పుడు ఇక్కడే ఆడిన జెఫ్ పార్లింగ్ వస్తున్నాడని సీజన్ ముగియకముందే చెప్పేశారు. 2017 నుంచి లెక్కపెడితే, తాత్కాలికంగా చూసుకున్నవారితో కలిపి, కాకరిల్ తరువాత ఆయన ఎనిమిదోవాడు.

వార్డరు సంగతిలో ఒక ముక్క మరిచిపోయాను. ఆ రెండోసారి వచ్చినప్పుడు, నా వల్ల పుట్టిన పుకారు మొత్తం చెప్పి ఆయనకు క్షమాపణ చెప్పాను. ఆయన నవ్వలేదు. కాసేపు కప్పును అలాగే పట్టుకుని ఆలోచించి, "అదా సంగతి" అన్నాడు. ఉద్యోగంలో చేరిన రెండో వారం నుంచి లోపల ఖైదీలు, మొదటి మ్యాచ్ ఎప్పుడని తనను అడుగుతున్నారట.