పాత సిస్టమ్‌కి ర్యామ్ కొనేముందు

అమ్మలూ,

ఫ్లెక్సీ ఫైలు తెరిస్తే చాలు సిస్టమ్ బిగుసుకుపోతోందని, షాపులో కొత్తది కొనమంటున్నారని రాశావు. తొందరపడకు. ఫొటోషాప్ నడుస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్‌లో మెమరీ, అంటే ర్యామ్, పూర్తిగా నిండిపోతోందన్నావుగా, లోటు అక్కడే ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లోపు దాన్ని సరిచేసుకోవచ్చు.

నువ్వు పంపిన ఫొటోలో మదర్‌బోర్డు మీద హెచ్61 అని కనిపిస్తోంది. 2011లో వచ్చిన చిప్‌సెట్ అది, అంటే ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపే చిప్పు. ర్యామ్ పెట్టే స్లాట్లు రెండే. ఒక్కోదాంట్లో 8 జీబీ చొప్పున 16 జీబీ దాకా పడుతుంది. ఇప్పుడు ఒకదాంట్లో 4 జీబీ ఉంది, రెండోది ఖాళీ. ఉన్న 4 జీబీని తియ్యకుండా పక్కన ఒక 8 జీబీ పెట్టు. సైజులు వేరైనా పనిచేస్తాయి. నీ పనికి 12 జీబీ హాయిగా సరిపోతుంది.

కొనాల్సింది డీడీఆర్3 రకం ర్యామ్, డెస్క్‌టాప్‌ది. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, పట్టదు. డీడీఆర్2కీ డీడీఆర్3కీ పిన్నులు 240 చొప్పునే ఉన్నా కింద గాటు వేరే చోట ఉంటుంది. అది కలవకపోతే ఎంత నొక్కినా దిగదు, నొక్కకూడదు కూడా. నీ ప్రాసెసర్ ఇంటెల్ రెండో తరం ఐ3 కాబట్టి 1333 స్పీడు చాలు. 1600 ఇచ్చినా 1333 మీదే నడుస్తుంది, దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టకు.

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. కొన్నేళ్ల కిందట చవగ్గా వస్తోందని ఆన్‌లైన్‌లో ఒక 8 జీబీ ర్యామ్ స్టిక్ తెప్పించాను. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, డిస్‌ప్లే మాత్రం రాలేదు. బోర్డు పోయిందేమోనని రెండు రోజులు నిద్రపోలేదు. తీరా చూస్తే అది సర్వర్ ర్యామ్. లేబుల్ మీద 10600 పక్కన ‘ఆర్’ అక్షరం ఉంది. మనకి ‘యు’ ఉండాలి. 10600 అంటే 1333 స్పీడే, 12800 అంటే 1600. ‘ఏఎండీకి మాత్రమే’ అని అమ్మేవి ఇంకో రకం. అవి నీ ఇంటెల్ బోర్డులో లేవవు. ఇంకొకటి, 8 జీబీ స్టిక్ మీద నల్లటి చిప్పులు లెక్కపెట్టు. రెండు వైపులా ఎనిమిదేసి, మొత్తం పదహారు ఉండాలి. ఒకవైపే ఎనిమిది ఉంటే వద్దను. అంత పెద్ద చిప్పుల్ని నీ ప్రాసెసర్ గుర్తించదు. సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు, మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకో.

పెట్టేటప్పుడు షట్‌డౌన్ చేసి, పవర్ కేబుల్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకో. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్‌ని టేబుల్ మీద పడుకోబెట్టి, లోపలి ఇనుప చట్రాన్ని ఓసారి ముట్టుకో. ఒంట్లోని స్టాటిక్ కరెంటు చిప్పుల్ని చంపేస్తుంది, కంటికి కనపడదు. దుమ్ము బ్రష్‌తో మెల్లగా తుడువు. క్లిప్పులు విప్పి, గాటు సరిచూసి, రెండు బొటనవేళ్లతో రెండు చివరలా సమంగా నొక్కు. టక్కుమని క్లిప్పులు వాటంతటవే పడాలి. మొదటిసారి కాస్త గట్టిగానే నొక్కాలి, భయపడకు.

ఆన్ చేస్తే బీప్‌లు కొట్టినా, తెర నల్లగా ఉన్నా కంగారొద్దు. మళ్లీ కరెంటు తీసి, పాత స్టిక్ బయటికి లాగి, దాని బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి దులిపి పెట్టు. పదిసార్లలో ఎనిమిదిసార్లు నాకు దీంతోనే లేచింది. లేవకపోతే ఒక్కో స్టిక్ విడిగా పెట్టి చూడు, తేడా ఎక్కడుందో తెలిసిపోతుంది. లేచాక ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపు, ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్ అది. ఒక్క ఎర్ర గీత వచ్చినా ఆ స్టిక్ వెనక్కిచ్చెయ్.

ఇంకో మాట. నీ విండోస్ 32 బిట్ అయితే 4 జీబీకి మించి వాడుకోలేదు, కొత్త ర్యామ్ అలా ఊరికే కూర్చుంటుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో ముందు చూసుకో. 64 బిట్ ఎక్కించాల్సివస్తే నీ పేజ్‌మేకర్, తెలుగు టైపు చేసే అను కీబోర్డు అందులో నడుస్తాయో లేదో వేరే సిస్టమ్ మీద ప్రయత్నించి, కస్టమర్ల ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి ఎక్కించాకే పని మొదలుపెట్టు. కొత్త సిస్టమ్ డబ్బుతో పోగొట్టుకున్న ఫైళ్లు తిరిగిరావు.

షాపులో స్టిక్ చేతికివ్వగానే లేబుల్, రెండు వైపులా ఫొటో తీసి పంపు. నేను చూసి సరేనన్నాక డబ్బు కట్టు.

మీ పెదనాన్న