ట్రాయ్ డేవిస్ కేసులో సాక్షులు ముందు అబద్ధం ఆడారా, తర్వాత ఆడారా?

అమెరికాలో పోలీసు అధికారి మార్క్ మెక్‌ఫెయిల్ హత్య కేసులో, నిందితుడు ట్రాయ్ డేవిస్‌కు వ్యతిరేకంగా చెప్పిన తొమ్మిది మంది సాక్షుల్లో ఏడుగురు తమ మాట పూర్తిగానో కొంతగానో మార్చుకున్నారు, మరి వాళ్లు ఎప్పుడు అబద్ధం ఆడినట్టు అని మీరు అడిగారు. రెండుసార్లూ ఆడకపోయి ఉండవచ్చు. నేను న్యాయవాదిని కాను. కోర్టులో మాట మార్చిన సాక్షిని.

మాది పాతపట్నం. పక్కనే ఒడిశాలోని పర్లాకిమిడిలో చిన్న కిరాణా కొట్టు ఉంది. పదిహేనేళ్ల కిందట ఒక రాత్రి కొట్టు ముందు గొడవ జరిగి ఒక కుర్రవాడికి కత్తిపోటు తగిలింది. బతికాడు. అప్పుడు కరెంటు లేదు. పొడిచినవాడు సన్నగా, తెల్ల చొక్కాతో ఉన్నాడని పోలీసులకు చెప్పాను. వాళ్లు ఒడియాలో రాసుకున్నారు. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వీధి దీపం వెలుగులో ముఖం గుర్తుపట్టానని అందులో ఉన్నట్టు రెండేళ్లకు కోర్టులో తెలిసింది.

అయితే తప్పంతా ఆ కాగితానిది కాదు. ఆ రెండేళ్లలో నాకు నిజంగానే ఒక ముఖం కనిపించసాగింది. అరెస్టయినవాణ్ని జీపులో చూశాను, కొట్టుకు వచ్చినవారందరికీ అదే కథ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ చీకట్లో ముఖం ఇంకాస్త స్పష్టమయ్యింది. కోర్టులో బోనులో ఉన్నవాణ్ని చూపించడానికి సిద్ధపడే వెళ్లాను. జరిగింది మొదటినుంచీ చెప్పమన్నారు. “కొవ్వొత్తి కోసం తడుముకుంటున్నాను, అంతలో కేక వినిపించింది” అన్నాను. ఆ మాటతో నా నోరు ఆగిపోయింది. కొవ్వొత్తి కోసం తడుముకుంటున్నవాడికి వీధిలో ముఖం ఎలా కనిపిస్తుంది? ముఖం చూడలేదని చెప్పేశాను. ప్రాసిక్యూటర్ నన్ను హోస్టయిల్ సాక్షిగా, అంటే ఎదురు తిరిగిన సాక్షిగా ప్రకటించమని కోరారు. ఎంత తీసుకున్నావని ఊళ్లో అడిగారు. మా మేనమామ కూడా అడిగాడు.

అందుకే డేవిస్ కేసు చదువుతుంటే నాకు నిద్ర పట్టలేదు. 1989 ఆగస్టు 19 తెల్లవారకముందు, జార్జియా రాష్ట్రంలోని సవానాలో, దెబ్బలు తింటున్న ఒక నిరాశ్రయుణ్ని కాపాడటానికి పరుగెత్తిన 27 ఏళ్ల మెక్‌ఫెయిల్‌ను కాల్చి చంపారు. ఆ ధైర్యవంతుడి కుటుంబానికి న్యాయం జరగాలన్న విషయంలో నాకు రెండో మాట లేదు. 1991లో డేవిస్‌ను దోషిగా తేల్చారు. సాక్షుల్లో వైమానిక దళానికి చెందిన ఒకరు, బట్టలు తప్ప మనుషులను గుర్తుపట్టలేనని మొదట పోలీసులకు చెప్పారు. రెండేళ్ల తర్వాత కోర్టులో డేవిస్‌నే చూపించారు. ఆయన అబద్ధమాడారని నేను అనను. ఆయనకూ ముఖం నెమ్మదిగా స్పష్టమయి ఉంటుంది. మరో సాక్షి, తనకు చదవడం రాదని, పోలీసులు రాసినదాన్ని చదవకుండానే సంతకం చేశానని తర్వాత చెప్పాడు. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను.

ఇక వస్తువుల సంగతి. హత్యకు వాడిన తుపాకీ దొరకలేదు. అదే రాత్రి మరో చోట జరిగిన కాల్పుల దగ్గర దొరికిన ఖాళీ తూటా తొడుగులకూ ఇక్కడి తొడుగులకూ పోలిక ఉందని ప్రాసిక్యూషన్ చూపింది. పోలిక నిజమే అనుకుందాం. రెండు చోట్లా ఒకే తుపాకీ పేలిందని తేలుతుంది. అది ఎవరి చేతిలో ఉందన్నది మళ్లీ మనుషులే చెప్పాలి. నా కేసులోనూ అంతే. కత్తి తుప్పల్లో దొరికిందన్న జప్తు కాగితం మీద నా సంతకం ఉంది. నేను చూసేసరికి అది స్టేషన్ బల్ల మీద గుడ్డలో చుట్టి ఉంది.

అవతలి వాదన కూడా చెప్పాలి. 2009లో అమెరికా సుప్రీంకోర్టు ఆదేశించడంతో 2010 జూన్‌లో కొత్త ఆధారాలపై ప్రత్యేక విచారణ జరిగింది. అవి స్వల్పమైన అనుమానమే కలిగిస్తున్నాయని న్యాయమూర్తి తేల్చారు. అసలు హంతకుడని డేవిస్ పక్షం వేలెత్తి చూపిన వ్యక్తిని ఆ పక్షమే సాక్ష్యానికి పిలవలేదు. అది పెద్ద లోపమే. మాట మార్చుకుంటూ సాక్షులు ఏళ్ల తర్వాత ప్రమాణం చేసి ఇచ్చే అఫిడవిట్ కూడా జ్ఞాపకమే, అదీ మారుతుంది. కాని అదే కొలత మొదటి సాక్ష్యానికి ఎందుకు వర్తించదు? మాట మార్చినవాణ్ని శంకించినంతగా, చీకట్లో చూసి రెండేళ్ల తర్వాత కచ్చితంగా చెప్పినవాణ్ని ఎందుకు శంకించరు? 2011 సెప్టెంబరు 21 రాత్రి డేవిస్‌కు విషపు ఇంజెక్షన్ ఇచ్చారు. అతను నిర్దోషి అని నేను ప్రమాణం చేయలేను. ఆ సాక్ష్యంతో మనిషి ప్రాణం తీయకూడదని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను.

మీరెప్పుడైనా సాక్షి కావలసి వస్తే, రాసుకున్నది మీకు తెలిసిన భాషలో చదివి వినిపించమనండి. మన దేశంలో దర్యాప్తులో పోలీసులు రాసుకునే సాక్షి వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదు, అడిగితే చేయకండి. ముఖం చూడకపోతే, చూడలేదన్న మాట మొదటి రోజే అందులో రాయించండి.