కొత్త కారు దారిలో ఆగిపోతుంటే: మేనల్లుడికి ఉత్తరం

ఒరేయ్ చిన్నా,

నీ మెసేజ్ చదివా. కొత్త కారు రన్నింగ్‌లో ఇంజన్ ఆగిపోతోంది, సర్వీస్ సెంటర్లో పెట్టిన ప్రతిసారీ "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం సార్, ఇక రాదు" అని పంపించేస్తున్నారు అన్నావు. ముందు ఒకటి విను, పిల్లల్ని ఎక్కించుకుని ఆ బండి హైవే ఎక్కించకు. డబ్బు సంగతి తర్వాత చూద్దాం.

పాత జాబ్ కార్డులు, అంటే బండి ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్లో సమస్య రాసిచ్చే కాగితాలు, అన్నీ తీసి ఏం రాశారో చూడు. అక్కడి సర్వీస్ అడ్వైజర్లు చాలాసార్లు "జనరల్ చెకప్" అని రాసేసి సంతకం పెట్టించుకుంటారు, రేపు కేసు దాకా వెళ్తే కంపెనీ లాయరు అదే కాగితం చూపించి ఇంజన్ ఆగుతోందని ఈయన ఎప్పుడు చెప్పాడండీ అంటాడు. అందుకే ఈసారి "60 స్పీడులో వెళ్తుంటే ఇంజన్ ఆగింది, స్టీరింగ్ బిగుసుకుపోయింది" అని నీ మాటల్లోనే రాయించు, కిలోమీటర్లు వేయించు, రాసేదాకా తాళం ఇవ్వకు. తిరిగి తీసుకునేటప్పుడు ఏం మార్చారో కాగితం మీద అడుగు. బయట మెకానిక్‌తో మాత్రం విప్పించొద్దు, వారంటీ పోయిందంటారు. ఛాసిస్ నంబర్ కొట్టి ఆ మోడల్‌కి రీకాల్ (లోపముందని కంపెనీయే బళ్ళు వెనక్కి పిలిచి బాగుచేయడం) ఏమన్నా ఉందేమో కంపెనీ సైట్లో చూడు.

షోరూమ్ వాళ్ళతో ఫోన్లో అరుచుకోవడం దండగ. డీలర్‌కీ కంపెనీకీ కలిపి ఒకే మెయిల్ పెట్టు, అదే స్పీడ్ పోస్టులో కూడా పంపు. డీలర్ చేసిన తప్పుకి కంపెనీని పట్టుకోవాలంటే ఆ సంగతి కంపెనీకి తెలుసని చూపించాలని 2021లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి కంపెనీకి తెలియజేసినట్టు రుజువు నీ దగ్గరుండాలి. 15 రోజులు గడువివ్వు. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ నమోదు చేయించు, కొన్ని కంపెనీలు అక్కడికే దిగొస్తాయి.

దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. బండికి కట్టిన డబ్బు 50 లక్షల దాకా ఉంటే కేసు అక్కడే వేయొచ్చు, 2019 వినియోగదారుల చట్టం వచ్చాక నువ్వుండే ఊళ్ళోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. నీది తొమ్మిది లక్షల బండి కదా, ఫీజు 200 రూపాయలే, వినియోగదారుల కేసుల వెబ్‌సైటు ఈ-జాగృతిలో ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. సమస్య మొదలైన రెండేళ్ళలోపు మాత్రం వేసెయ్యాలి. డీలర్‌నీ కంపెనీనీ ఇద్దర్నీ పార్టీలుగా పెట్టు.

కొత్త కారు ఇచ్చి తీరాలి అని ఒక్కటే అడగకు. వారంటీలో పార్టు మారుస్తామని ఉంటే బండి మొత్తం మార్చమనడం కుదరదని 2006లోనే సుప్రీంకోర్టు తీర్పుంది. కారు మార్చాలి లేదా డబ్బు వాపసు ఇవ్వాలి, అదీ కాదంటే లోపమున్న పార్టు ఫ్రీగా మార్చి వారంటీ పెంచి నష్టపరిహారం ఇవ్వాలి అని వరసగా రాయి. తయారీలోనే లోపం ఉందని నిపుణుడి రిపోర్టు లేకపోతే చాలా కేసులు ఓడిపోతాయి రా, అందుకే బండిని టెస్టుకి పంపమని కమిషన్‌ని మొదటే అడుగు. ఈఎంఐ మాత్రం ఆపకు, బ్యాంకుకి ఈ గొడవతో సంబంధం లేదు, నీ సిబిల్ స్కోరు పాడైపోతుంది.

జాబ్ కార్డులన్నీ ఫొటో తీసి ఈ రాత్రికే పంపు, ఆదివారం కూర్చుని మెయిల్ రాసేద్దాం.

మీ మామయ్య