కోచింగ్ యాప్‌ను చూపులేని విద్యార్థి వాడలేకపోతే చట్టం ఏమంటుంది?

విజయవాడలో ఒక ప్రైవేటు కోచింగ్ సెంటర్ యాప్‌లో బటన్లను టాక్‌బ్యాక్ (తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే ఫోన్ స్క్రీన్ రీడర్) చదవట్లేదని, ప్రైవేటు వాళ్లకు చట్టం వర్తించదా అని ఒకరు అడిగారు. తప్పకుండా వర్తిస్తుంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 46వ సెక్షన్ ప్రభుత్వ, ప్రైవేటు సేవా సంస్థలు రెండింటినీ కలిపే చెప్పింది.

యాప్‌లకు, వెబ్‌సైట్లకు ప్రమాణం ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం. దాన్ని 2023లో ఈ చట్టం నిబంధనల్లో చేర్చారు. బటన్‌కు పేరుండాలి, బొమ్మకు వివరణ ఉండాలి, వీడియోకు క్యాప్షన్లు ఉండాలి, మౌస్ లేకుండా కీబోర్డుతోనే టెస్టు రాయగలగాలి. పిల్లలు ఎక్కువగా ఇబ్బంది పడేది ఫొటోలు తీసి పెట్టిన పీడీఎఫ్ నోట్స్‌తో. వాటిలో అక్షరాలు బొమ్మగానే ఉంటాయి కాబట్టి స్క్రీన్ రీడర్ చాలాసార్లు ఏమీ చదవదు.

డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. నా దృష్టిలో మీకున్న గట్టి ఆధారం ఇదే.

ముందు స్క్రీన్ రికార్డింగ్ జతచేసి సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయండి. చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది.

ఈలోగా చదువు ఆగనక్కర్లేదు. విద్యార్థి సొంత వాడకానికి పుస్తకాన్ని ఆడియోలోకో బ్రెయిలీలోకో మార్చుకోవడానికి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ అనుమతిస్తుంది.