సూదులు సరే, పొడులు మాత్రం తెచ్చుకోకండి

మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, నెల్లూరులో ఆక్యుపంక్చర్ (ఒంట్లో కొన్ని చోట్ల సన్నటి సూదులు గుచ్చే చైనా వైద్యం) చేయిస్తే తగ్గుతుందా, ఆమెకి సూదులంటే భయం, అక్కడిచ్చే చైనా మూలికల మందులు వాడొచ్చా అని అడిగారు. నేను కుట్టుమిషన్ మీద పని చేస్తాను. మెడనొప్పి, దాంతో పాటు వచ్చే తలనొప్పి భరించలేక నెల్లూరులోనే కొన్నాళ్లు చేయించుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

ముందు భయం సంగతి. అది ఇంజెక్షన్ సూది కాదు, మందేమీ ఎక్కించరు, మందం మిల్లీమీటరులో పావు వంతు అటూ ఇటూ ఉంటుంది. గుచ్చేటప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది, ఆ తర్వాత ఆ చోట బరువుగా, లాగినట్టు అనిపిస్తుంది. చైనావాళ్లు దాన్ని 'దె చీ' అంటారు, అది వస్తేనే సూది సరిగ్గా పడిందని వాళ్ల లెక్క. చురుక్కుమని మండితే మాత్రం ఓర్చుకోవద్దు, వెంటనే చెప్పమనండి. గుచ్చే ముందు నాడి పట్టుకుంటారు, నాలుక చాపమంటారు, నిద్ర, అరుగుదల అన్నీ అడుగుతారు. మోకాలికని వెళ్తే చేతికీ పాదానికీ కూడా గుచ్చుతారు, కంగారు పడొద్దు. ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుకోవాలి. ఖాళీ కడుపుతో వెళ్తే కొంతమందికి కళ్లు తిరుగుతాయి, ఏదైనా తినిపించి తీసుకెళ్లండి.

నాకు మొదట్లో హాయిగా నిద్ర పట్టడం తప్ప ఏమీ తెలియలేదు. పోను పోను తలనొప్పి రావడం బాగా తగ్గింది, మెడ పట్టేయడం మాత్రం పండగల ముందు పని ఎక్కువైతే మళ్లీ వచ్చేది. నొప్పి తేలికవుతుంది, అరిగిన కీలు మళ్లీ పెరగదు, అంతవరకే ఆశ పెట్టుకోండి. జర్మనీలో నడుంనొప్పి మీద 2007లో పెద్ద పరిశోధన ఒకటి వచ్చింది. సరైన చోట గుచ్చినవాళ్లలో 47.6 శాతం మందికి, వేరే చోట్ల పైపైన గుచ్చినవాళ్లలో 44.2 శాతం మందికి ఉపశమనం కలిగింది, మామూలు వైద్యంతో 27.4 శాతం మందికే. ఉపశమనం నిజమే, ఏ చోట గుచ్చారన్నదాంతో మాత్రం పెద్ద తేడా రాలేదన్నమాట. మోకాళ్ల అరుగుదలకైతే అమెరికా కీళ్ల వైద్యుల సంఘం 2019లో షరతులతో సరే అంది, బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2022లో వద్దంది. పెద్ద సంస్థలకే ఏకాభిప్రాయం లేదు కాబట్టి గ్యారంటీ ఇచ్చేవాళ్లని నమ్మొద్దు.

అసలు సంగతి ఇది. మీది కనిగిరి వైపు అన్నారు. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు, అది ఎముకల్లో చేరి కీళ్లు బిగిసిపోతే సూదులు దాన్ని బయటికి తియ్యలేవు. అందుకే ముందు ఎముకల డాక్టరుకి చూపించి, ఎక్స్‌రే, కిడ్నీకి క్రియాటినిన్ పరీక్ష చేయించండి. నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగుతున్నా ఆ పరీక్ష తప్పదు.

మూలికల పొడులు ఎందుకు వద్దంటున్నానంటే, బెల్జియంలో 1990ల మొదట్లో సన్నబడటానికి చైనా మూలికలు వాడిన ఆడవాళ్లు చాలామందికి కిడ్నీలు పాడయ్యాయి. వాటిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉన్న మొక్క కలవడమే కారణం. చైనా మూలికలన్నీ చెడ్డవని కాదు, మలేరియా మందు ఆర్టెమిసినిన్ అక్కడి మొక్కలోంచే వచ్చింది, దానికి తూ యూయూ గారికి 2015లో నోబెల్ ఇచ్చారు. కానీ అది శుద్ధి చేసి, మోతాదు తేల్చి, పరీక్షించిన మందు. పేరూ ఊరూ లేని పొట్లంలో ఏముందో ఇచ్చేవాడికీ తెలియదు, రెండు రోజుల్లో నొప్పి మాయమైతే స్టెరాయిడ్ కలిపారేమోనని నేనైతే అనుమానిస్తాను.

2019లో కేంద్రం ఆక్యుపంక్చర్‌ని గుర్తించింది, అయినా ఎక్కడ నేర్చుకున్నారో అడగండి, ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. సూదుల ప్యాకెట్ మీ ముందే విప్పాలి, వాడినవి పారేయాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పాలి. షుగర్, బీపీ మాత్రలు ఆపెయ్యమన్నవాళ్ల దగ్గర ఒక్క రోజు కూడా ఉండొద్దు. ఇంకోటి, నొప్పి కాళ్లతో అంత దూరం బస్సులో తిప్పేకంటే ఒంగోలులో మంచివాళ్లు ఉన్నారేమో ముందు వాకబు చేయండి, ప్యాకేజీ డబ్బు ముందే కట్టమంటే మాత్రం కట్టకండి, ఐదారుసార్లు చేయించి తేడా లేకపోతే మానేయండి.