వాయువులను కొలిచే చదువుకు ఫిజిక్సే పునాది

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లె, వరి సాగు చేస్తాను. మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. ఆకాశంలో బాగా ఎత్తున ఉండే వాయువులను ఉపగ్రహాలతో కొలిచే రంగంలోకి వెళ్తానంటోంది. ఎమ్మెస్సీ రిమోట్ సెన్సింగ్‌లో చేర్పించవచ్చా? ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి

జవాబు: తొందరపడి చేర్పించవద్దని నా సలహా. ఆ పేరుతో ఉన్న పీజీ కోర్సుల్లో ఎక్కువ భాగం పంటల విస్తీర్ణం, వరద ముంపు, మ్యాపుల తయారీ వంటి నేల మీది విషయాలకే పరిమితం. మీ అమ్మాయి కోరుకుంటున్నది వేరు.

సాయంత్రం రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో నిలబడితే, గోదావరి అవతల దిగిపోయే సూర్యుడి వెలుగు, నడినెత్తిన ఉన్నప్పటికంటే సుమారు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటుకుని మన కంటికి చేరుతుంది. కక్ష్యలోని పరికరం కూడా భూమి అంచున ఉదయించే, అస్తమించే సూర్యుణ్ణి గాలి పొరల గుండా చూస్తూ, ఏ తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగు ఎంత తగ్గిందో నమోదు చేస్తుంది. దాన్నిబట్టి ఏ ఎత్తులో ఓజోన్ ఎంత, నీటి ఆవిరి ఎంత అన్నది లెక్కగడతారు. 2017లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరిన సేజ్-3 పరికరం చేసే పని ఇదే. తగ్గిన వెలుగు నుంచి వాయువు మోతాదును రాబట్టే ఈ లెక్కలోనే అసలు కష్టమంతా ఉంది, ఎందుకంటే ఒకే కొలతకు ఒకటికి మించిన జవాబులు సరిపోవచ్చు. అందుకే స్పెక్ట్రోస్కోపీ (వెలుగును తరంగదైర్ఘ్యాలుగా విడదీసి చదివే శాస్త్రం)తో పాటు లీనియర్ ఆల్జీబ్రా, స్టాటిస్టిక్స్, పైథాన్ ప్రోగ్రామింగ్ గట్టిగా రావాలి.

కాబట్టి ముందు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేయించండి. ఐఐటీల్లో సీటుకు జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది; అదీ మంచి దారే. ఆ తర్వాత నెట్, గేట్, జెస్ట్ పరీక్షల్లో ఏదో ఒకదానిలో అర్హత సాధిస్తే పీహెచ్‌డీకి అహ్మదాబాద్‌లోని పీఆర్‌ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ), తిరువనంతపురంలోని స్పేస్ ఫిజిక్స్ ల్యాబొరేటరీతో పాటు, మనకు దగ్గరలోనే తిరుపతి పక్కన గాదంకిలో ఎన్‌ఏఆర్‌ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) ఉంది. అక్కడి లైడార్ లేజర్ కిరణాన్ని ఆకాశంలోకి పంపి, తిరిగివచ్చే కొద్దిపాటి వెలుగుతో పై పొరలను పరిశీలిస్తుంది.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. శాశ్వత శాస్త్రవేత్తల పోస్టులు తక్కువ, దారి పొడవు. అయితే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంది కనుక, పరిశోధన కాలంలో ఆమె మీ మీద ఆధారపడనక్కర్లేదు. ఈలోగా పాత సీడీని ట్యూబులైటు కింద వాలుగా పట్టుకుని, రంగులు ఎందుకు విడివిడి పట్టీలుగా కనిపిస్తున్నాయో మీకు వివరించమని ఆమెను అడగండి. ఆ వివరణ ఆమెకు ఇష్టంగా అనిపిస్తే, ఈ వేసవి సెలవుల నుంచే జామ్ పాత ప్రశ్నపత్రాలు మొదలుపెట్టమనండి.